మా చిన్న మోటారు పడవ

మా పాఠశాల బాలబాలికలు పాఠములను గూర్చి నన్నడుగు ప్రశ్నలకంటె నా పడవను గూర్చి యడుగు ప్రశ్నలే యెక్కువ. నరసాపురము రేవునకు కొంచెము ఎగువగా గట్టునకు కట్టియుండు ఆ నీలిరంగు పడవ నాదియు మా బావగారిదియు నని ఊరిలో అందరును ఎరుగుదురు. "మాస్టారూ, అది గంటకు ఎన్ని మైళ్లు పోవును?" అనునది మొదటి ప్రశ్న. "దాని ఖరీదెంత?" అనునది రెండవది. ఇన్నేండ్లలో "అది ఎందరిని మోయగలదు?" అని యడిగిన విద్యార్థి ఒక్కడే. వాడు సఖినేటిపల్లి వైపునుండి ప్రతిదినము పంటుమీద గోదావరి దాటి బడికి వచ్చు పిల్లవాడు. వానికి ఆ ప్రశ్న తోచుటలో వింత లేదు. సంచిక సంపాదకవర్గమువారు పడవను గూర్చి వ్రాయుమని కోరినప్పుడు, వాని ప్రశ్నకే జవాబు వ్రాయుదమని తలంచితిని.

మేము ఈ పడవను 2018వ సంవత్సరమున కొంటిమి. అది మాకు జీవనోపాధి కాదు. శనివారపు సాయంకాలములందును సెలవు దినములందును నదిపై తిరిగివచ్చుటకు మాత్రమే. కావుననే జాగ్రత్త అధికముగా కావలెను. వృత్తిగా ఏటిపై తిరుగువాడు ఏ దినమున నేర్వవలసినది ఆ దినమున నేర్చుకొనును. వారమున కొకసారి దిగువాడు ఆరు దినములలో కొంత మరచుచుండును.

కొనుటకు ముందు మూడు పడవలను చూచితిమి. మొదటిది పదకొండడుగుల ఫైబరు పడవ, అడుగు బల్లపరుపు, తేలికైనది. వెనుక పదునైదు అశ్వశక్తుల ఇంజను. అది నీటిపై జారుచు పోవు వేగమును చూచి మా బావగారి మనస్సు దానిపై నిలిచిపోయెను. రెండవది పాత కొయ్య పడవ. మత్స్యకారులు వాడు పొడవుకాడ డీజిలు ఇంజను గలది. బలమైనదే గాని ఇద్దరు మనుష్యులు ఒడ్డునకు లాగజాలని బరువు. మూడవది పదునాలు గడుగుల పొడవు, అయిదడుగుల వెడల్పు గల ఫైబరు పడవ. దాని పొట్ట గుండ్రము, అంచులు ఎత్తు. చూచుటకు అందమేమియు లేదు. వడ్లు కొలుచు కుంచమును పొడవుగా సాగదీసినట్లుండెను.

లాంచీలు నడపి వయసు మళ్లిన సరంగుగారొకరు మా వీధిలో నుండిరి. వారిని వెంటబెట్టుకొని పోయితిమి. వారు ఇంజనులవైపు చూడనే లేదు. ఒక్కొక్క పడవను నీటిలో కట్టించి, దాని అంచుపై తమ కాలు మోపి బరువంతయు వేసి నిలిచిరి. మొదటి పడవ చటుక్కున ఒరిగి, అంచు నీటికి రెండంగుళములలోనికి వచ్చెను. మూడవది ఒక జానెడు ఒరిగి ఆగిపోయెను. ఎంత అదిమినను మరి ఒరుగలేదు. "బాబూ, ఇది భయపడినప్పుడు జనమంతా ఒకవైపునకే పరుగెత్తెదరు. అప్పుడు నిలుచునదే పడవ" అనిరి. పిదప వ్రేలి కణుపులతో పడవనంతయు తట్టిచూచిరి. గట్టి ఫైబరు ఖంగుమని పలుకును. లోపల పొరలు విడిపోయి నీరు పట్టినచోట చప్పుడు మందముగా నుండును. కడపట, ఇంజనును తగిలించు వెనుకబల్లను రెండు చేతులతో పట్టి ఊపిరి. ఆ బల్లలో ఫైబరు పొరల నడుమ ప్లైవుడ్డు ఉండును. మేకు రంధ్రముగుండా నీరు చేరినచో పైకి రంగు మెరయుచుండగనే లోపల చెక్క మగ్గిపోవును. పాత పడవను కొనువారు మరేమి చూడకున్నను ఆ బల్లను చూడవలెను.

ఇక మోయుటను గూర్చి. అమెరికా తీరరక్షక దళమువారు ఇరువది అడుగులకు లోబడిన చిన్న పడవలకు ఒక సులభ సూత్రమును చెప్పుదురు. పొడవును వెడల్పును అడుగులలో కొలిచి గుణించి, పదునైదుచే భాగింపవలెను. వచ్చిన సంఖ్య ఆ పడవ నిమ్మళమైన నీటిలో మోయదగిన మనుష్యుల సంఖ్య. మా పడవకు పదునాలుగింటిని అయిదుచే గుణింప డెబ్బది. దానిని పదునైదుచే భాగింప నాలుగును, మూడింట రెండు వంతులును. ఎనిమిదవ తరగతిలో ఈ లెక్క చేయించినప్పుడు తరగతియంతయు జవాబును అయిదునకు సవరించెను. సవరింపరాదు. మూడింట రెండు వంతుల మనుష్యుడు లోకమున లేడు. ఆ భిన్నము పడవదే గాని మనుష్యునిది కాదు. నడుపువానితో కలిపి నలుగురు. పిల్లవాడైనను ఒకడే, వాని బరువు తక్కువ గాని, వాడు కుదురుగా కూర్చుండడు.

ఇంజనును ఎన్నుకొనుటలో మా బావగారికిని నాకును వారము దినములు వాదము జరిగెను. నేను భౌతికశాస్త్రము బోధించువాడను గాన సుద్దముక్కతో ఆయనను ఒప్పింప జూచితిని. గుండ్రని పొట్ట గల పడవ నీటిని చీల్చుకొని పోవునే గాని నీటిపైకి లేచి జారదు. అట్టిదాని వేగమునకు దాని పొడవే హద్దు. నీటిని తాకు పొడవును అడుగులలో తీసికొని, దాని వర్గమూలమును 1.34 చే గుణించినచో, గంటకు ఎన్ని నాటికల్ మైళ్లు పోగలదో తెలియును. మా పడవ నీటిని తాకు పొడవు పండ్రెండుంబావు అడుగులు, వర్గమూలము మూడున్నర, గుణింపగా 4.7 నాటికల్ మైళ్లు, అనగా గంటకు సుమారు 8.7 కిలోమీటర్లు. అంతకు మించి శక్తిని పెట్టినచో ముందుభాగము లేచి, వెనుకభాగము క్రుంగి, పెట్రోలు మండునే గాని వేగము హెచ్చదు. కావున ఆరు అశ్వశక్తులు, అనగా సుమారు నాలుగున్నర కిలోవాట్లు, చాలునంటిని. "సైకిలు మనలను దాటిపోవునే!" అని బావగారు నిట్టూర్చిరి. గట్టుమీది సైకిళ్లు నేటికిని మమ్ము దాటిపోవుచునే యున్నవి.

పడవ వెనుక తగిలించు ఇంజనులు అంతకు ముందును కొన్ని ఉండినను, వానిని జనసామాన్యము వాడుకొనునట్లు చేసినవాడు ఓలే ఎవిన్రూడ్. నార్వేలో పుట్టి అమెరికాలో పెరిగిన యంత్రకారుడతడు. 1909లో ఒకటిన్నర అశ్వశక్తుల ఇంజనును అమ్మకమునకు తెచ్చెను. తన ప్రియురాలికొరకు సరస్సు కావలి యొడ్డునుండి ఐస్‌క్రీము తెచ్చుచు తెడ్లు వేయగా, అది దారిలోనే కరగిపోయెననియు, ఆ కష్టమునుండియే ఇంజను తలంపు పుట్టెననియు చెప్పుదురు. కథ ఎంతవరకు నిజమైనను, తెడ్లు వేసి అలసినవానికి నమ్మదగినదిగనే యుండును.

ఇంజను కొనునప్పుడు శక్తితోపాటు కాడ పొడవును చూడవలెను. సాధారణముగా పొట్టి కాడ పదునైదంగుళములు, పొడవు కాడ ఇరువదంగుళములు. వెనుకబల్ల ఎత్తునకు తగిన కాడ కావలెను. ప్రొపెల్లరునకు పైన రెక్కవంటి పలక యొకటి యుండును. అది పడవ అడుగుతో ఇంచుమించు సమముగా నుండవలెను. మరీ పైకున్నచో ప్రొపెల్లరు గాలిని త్రాగి వృథాగా గిరగిర తిరుగును; మరీ క్రిందికున్నచో ఈడ్చినట్లుండి ఇసుక మేటలకు తగులును. గోదావరిలో మేటలు నిన్న యున్నచోట నేడుండవు. ఇక పడవ పత్రముల మాట. 1917 నాటి చట్టమునకు మారుగా 2021లో దేశమంతటికిని అంతర్దేశ నౌకల చట్టము వచ్చినది. ఇంజను గల పడవకు రిజిస్ట్రేషను ముందుగా చేయించుకొనుట మేలు.

ఇంధనమను విషయము చెప్పుటకు సులభము, పాటించుటకు కష్టము. రెండు స్ట్రోకుల ఇంజనులకు పెట్రోలులో నూనె కలుపవలెను. సాధారణముగా ఏబది పాళ్లకు ఒక పాలు, అనగా లీటరునకు ఇరువది మిల్లీలీటర్లు. మాది నాలుగు స్ట్రోకులది గాన నూనె వేరుగా నుండును, కలుపు పని లేదు; పొగయు తక్కువ. మధ్యమ వేగమున గంటకు లీటరున్నర వరకు త్రాగును. నరసాపురమునుండి అంతర్వేది దగ్గర సముద్రపు మొగవరకు పోయివచ్చుటకు సుమారు మూడు గంటలు పట్టును; కావలసినది నాలుగున్నర లీటర్లు. మేము ఏడు లీటర్లకు తక్కువగా ఎన్నడును కట్టు విప్పము. పోవుటకు ఒక వంతు, వచ్చుటకు ఒక వంతు, కష్టకాలమునకు ఒక వంతు అని నావికుల పాత లెక్క. పాటు వేళ పోయి పాటులోనే రావలసివచ్చినచో, పోయినంత సులభముగా రాజాలమని ఆ లెక్క కట్టినవారెరుగుదురు.

పెట్రోలును పడవలో పోయరాదు. డబ్బాను ఒడ్డున నేలపై పెట్టి నింపి, మూత బిగించి, తుడిచి, పిదప పడవలో పెట్టవలెను. పెట్రోలు ఆవిరి గాలికంటె బరువు. పడవ అడుగున నీరువలె నిలిచి, కంటికి కనబడక, ఒక చిన్న నిప్పురవ్వకై కాచుకొని యుండును. గట్టుపై నున్నచో గాలి దానిని తీసికొని పోవును. పడవ పొట్టలోనుండి పోవుటకు దారి లేదు.

2025 నాటికి మన దేశమున అమ్ము పెట్రోలులో నూటికి ఇరువది పాళ్ల ఇథనాలు కలుపుట వ్యాప్తిలోనికి వచ్చినది. ఇథనాలు నీటిని ప్రీతితో పీల్చుకొను పదార్థము. గోదావరి గాలిలో నీటికి కరవు లేదు. సగము నిండిన డబ్బాను వర్షకాలమంతయు మూల నుంచినచో, లోపలి గాలి చల్లబడినపుడెల్ల చెమ్మ దిగి ఇథనాలులో చేరును. అది హద్దు మీరినపుడు నీరును ఇథనాలును కలిసి పెట్రోలును విడిచి అడుగునకు దిగిపోవును. ఇంజనునకు పోవు గొట్టము మొదలు డబ్బా అడుగుననే యుండును గదా! అందుచే వాడక నిలుపు డబ్బాను ఖాళీ చేసి ఉంచుటయో, నిండుగా మూసి ఉంచుటయో చేయవలెను. నెలకు మించిన పెట్రోలును మేము పడవకు పోయము. బావగారి మోటారు సైకిలునకు పోయుదుము.

ఈ విషయము మాకు ప్రయోగశాలలో తెలిసినది కాదు. 2021 నవంబరు నెలాఖరున, వారము దినములు వానలు కురిసి తెరపి యిచ్చిన పిదప, నేనును బావగారును మా ఇద్దరి కుమారులును మొగవైపు పోయితిమి. అన్నాచెల్లెళ్ల గట్టునుండి నదినీటి రంగును సముద్రపు రంగును కలియుటను పిల్లలకు చూపి మరలితిమి. పాటు అప్పుడే బలముగా తీయుచుండెను. రెండు ఫర్లాంగులు వచ్చితిమో లేదో ఇంజను దగ్గి, మరల అందుకొని, ఆగిపోయెను. ఆగిన మరుక్షణమున మాకు వినబడినది సముద్రపు హోరు. అంతవరకు ఇంజను చప్పుడులో అది వినబడలేదు. పడవ వెనుకకు, ఆ హోరువైపునకు, నడకకంటె వేగముగా పోసాగెను. పాటు నీరు సముద్రపు అలలను ఢీకొను మొగలో నీరు గోడలుగా లేచును. ఆ గోడల తెలుపు మాకు కనబడుచుండెను.

నేను లంగరు వేసితిని. "నాన్నగారూ, ఇంజను చూడరేమి?" అని నా కుమారుడు వణకుచు అడిగెను. ఇంజను చూచుటకు కాలము కావలెను. కాలమును ఇచ్చునది లంగరు. దాని త్రాటికి లోతునకు అయిదు మొదలు ఏడు రెట్ల పొడవు ఉండవలెను. లేనిచో లంగరు నేలను కరవక గీరుకొనుచు వచ్చును. అచ్చట లోతు నాలుగు మీటర్లు. మా త్రాడు ముప్పది మీటర్లు. అంతయు వదలితిని. త్రాడు బిగిసెను, సడలెను, మరల బిగిసి నిలిచెను. పడవ ముక్కు ప్రవాహమునకు ఎదురు తిరిగెను. గట్టుమీది ఒక తాటిచెట్టును గురుతు పెట్టుకొని, అది కదలుట లేదని నిశ్చయము చేసికొన్న పిదపనే ఇంజను మూత తీసితిని.

పెట్రోలును గాజుసీసాలోనికి కొంచెము తీసి వెలుగునకు పట్టగా క్రింద ఒక పొర, పైన ఒక పొర స్పష్టముగా కనబడినవి. నాటి ఉదయము పెట్రోలు పోయించిన బంకులో, వానలకు నేలలోని తొట్టిలోనికి నీరు చేరియుండెను. ఆ దినమున మరి ఇద్దరు ముగ్గురి బండ్లును దారిలో నిలిచిపోయినవని పిమ్మట తెలిసినది. ఆ బంకు పేరు చెప్పుట ఇక్కడ అవసరము లేదు. కష్టకాలపు వంతును వేరొకచోట కొని, వేరొక చిన్న డబ్బాలో తెచ్చుకొనుట సరంగుగారు మాకు నేర్పిన అలవాటు. దానికి గొట్టమును మార్చి, కార్బురేటరు అడుగు మర విప్పి అందులోని నీటిని వదలి, చేతి బంతిని నొక్కి, త్రాడు లాగితిని. పండ్రెండవసారికో పదమూడవసారికో అందుకొనెను. పిల్లలిద్దరును అప్పటివరకు ఒక్క మాటయైన ఆడలేదు. నరసాపురము దీపములు కనబడువరకును ఆడలేదు.

సంరక్షణను గూర్చి పొడుగుగా వ్రాయుట కేమియు లేదు, అదంతయు ఓపికయే. మా పడవకు శత్రువు ఉప్పు. పోటు వేళ నరసాపురమునకు వచ్చు నీటిలో ఉప్పు కలిసియుండును. ఇంజను తన్ను చల్లబరచుకొనుటకు ఆ నీటినే పీల్చుకొనును గాన, తిరిగివచ్చిన ప్రతిసారియు మంచినీటి తొట్టిలో దాని కాడను ముంచి పది నిమిషములు నడపుదుము. నీరు లేక క్షణకాలమును నడపరాదు; నీటిని తోడు రబ్బరు చక్రము, ఇంపెల్లరు, ఎండిపోయి చిరుగును. ఇంజను నడుచుచున్నపుడు ప్రక్కనుండి సన్నని నీటిధార యొకటి చిమ్ముచుండును. మా పిల్లలు దానిని "ఇంజను నాడి" యందురు. ఆ పేరు నాకు పుస్తకములలోని పేరుకంటె నచ్చినది. ధార సన్నగిల్లినచో గుర్రపుడెక్క వేళ్లో ప్లాస్టికు సంచియో నీటిదారికి అడ్డుపడినదని తెలిసికొని వెంటనే ఆపవలెను. ఆ చక్రమును రెండేండ్ల కొకసారి, చెడినను చెడకున్నను, మార్చుదుము.

కాడలోని గేరు నూనెను ఏటేట తీసి చూడవలెను. పాలవలె తెల్లబడియున్నచో లోనికి నీరు చేరుచున్నదని అర్థము. ప్రొపెల్లరును విప్పి, ఇరుసునకు చుట్టుకొన్న వలదారములను తీసివేయవలెను. అవి కంటికి కనబడక రబ్బరు బిళ్లను కోసివేయును. ఇంజను కాడకు లోహపు ముద్ద యొకటి బిగించియుండును. ఉప్పునీటిలో తుప్పు మొదట దానిని తిని ఇంజనును విడుచును. మా రసాయనశాస్త్ర పాఠములో ఈ ముద్దనే చూపి లోహముల క్రియాశీలతను చెప్పుదును. సగము తిన్న ముద్దను బల్లపై పెట్టినచో, బోర్డుపై ఎంత వ్రాసినను రాని తెలివి తరగతికి వచ్చును. వస్తువును చూపి బోధింపుమని శిక్షణ కళాశాలలో మా గురువులు చెప్పిన మాట ఆ దినమున జ్ఞప్తికి వచ్చును.

ఇక మా ఇంట నేటికిని తీరని సంగతి యొకటి కలదు. 2019 సెప్టెంబరు 15వ తేదీన, గోదావరి వరదలో ఉండగా, దేవీపట్నము మండలములోని కచ్చులూరు వద్ద విహారమునకు బయలుదేరినవారి పడవ మునిగి అనేకులు చనిపోయిరి. అది మొదలు మా ఇంటివారు పడవ మాట యెత్తిననే బెదరిరి. నేను నా భార్యకు రెండు మాటలిచ్చితిని. లైఫు జాకెట్టు కట్టుకొననివాడు ఎక్కడు. నలుగురికి మించి ఎక్కరు. మొదటిది అందరును ఒప్పుకొనిరి. రెండవది 2023 వేసవిలో మా యింటి పెండ్లి వేళ పరీక్షకు వచ్చినది. నేను చుక్కాని కడ, బావగారు ముందు, మా పెదనాన్నగారి మనుమలిద్దరు నడుమ కూర్చుండియుండగా, పెదనాన్నగారు తెల్లని పంచె ఎగగట్టి రేవు మెట్లు దిగివచ్చిరి.

"మిమ్మును రెండవ పర్యాయమున తీసికొని వెళ్లెదను, పెదనాన్నగారూ, అరగంటలో వచ్చెదము" అంటిని.

"నీళ్లు అద్దమువలె నున్నవి గదరా! నేనొక్కడను ఎక్కువయ్యెదనా?"

బావగారు దిగెదనని లేచిరి. దానికిని పెదనాన్నగారు ఒప్పుకొనలేదు. ఇంటి అల్లుని దింపి తాము ఎక్కుట మర్యాద కాదనిరి. రేవులో పెండ్లివారందరును చూచుచుండిరి. నన్ను ఎత్తుకొని పెంచినవారు, నా చదువునకు తమ పొలము కౌలు డబ్బు ఇచ్చినవారు ఆయన. నేను త్రాడు విప్పలేదు, ఆయనను ఎక్కింపను లేదు. కొంతసేపు నిలిచి, ఏమియు అనక, మెట్లెక్కి వెళ్లిపోయిరి. నాటినుండి పండుగలకు మా యింటికి వచ్చెదరు, భోజనము చేసెదరు, పిల్లలను దీవించెదరు. పడవ మాట వచ్చినపుడు మాత్రము లేచి వసారాలోనికి పోయెదరు. కావలసినన్నిసార్లు పోయి బ్రతిమాలితిని. నా భార్య ఈ విషయమున ఏమియు అనదు. ఆయన మనుమలలో పెద్దవాడు మాత్రము, ఇప్పుడు మన పాఠశాలలోనే తొమ్మిదవ తరగతి, పడవ ఎక్కినపుడెల్ల బిగ్గరగా తలలు లెక్కపెట్టును.

ఇంగ్లండులో సామ్యుల్ ప్లిమ్‌సాల్ అను పార్లమెంటు సభ్యుడు ఓడల ప్రక్కను బరువు హద్దు గీత గీయించుటకై ఏండ్ల తరబడి పోరాడెను; 1876లో చట్టము చేయబడినది. ఓడల యజమానులు ఆయనపై ఎంత ఆగ్రహించిరో చరిత్ర చెప్పుచున్నది. మా పడవ ప్రక్కను కూడ మేము తెల్లరంగుతో ఒక గీత గీసితిమి. నలుగురెక్కి పెట్రోలు, లంగరు, తెడ్లు పెట్టినపుడు నీరు ఎక్కడికి వచ్చునో అక్కడ గీసినది. అది నీటిలో మునిగినచో కట్టు విప్పము. ఎవరు ఎక్కువైరో ఆ గీతయే చెప్పును, నేను చెప్పనక్కరలేదు. ఈ ఉపాయము పెండ్లికి ముందే తోచియున్న బాగుండెడిదని బావగారందురు.

ఈ వేసవి సెలవులలో ఏప్రిలు చివరి శనివారమున ఇంజను విప్పి శుభ్రము చేయనున్నాము. చూడగోరు విద్యార్థులు తలిదండ్రుల వ్రాతపూర్వకమగు అనుమతితో ఉదయము ఏడు గంటలకు రేవునకు రావచ్చును. ఒడ్డున ఎందరైనను నిలువవచ్చును. నీటిపైకి ఒక్కొక్క పర్యాయమునకు ముగ్గురు. సఖినేటిపల్లి పిల్లవానికి మొదటి పర్యాయము.